తొలి మంటకు ముందు

బాయిలర్‌ని గోడకు బిగించడం రోజున్నరలో అయిపోయింది. వెలిగించడానికి మాత్రం బిగించిన గ్యాసు మేస్త్రికి ఇంకో పూట పట్టింది. ఆ రోజున్నరా నా పనిలో నేనుండి, మధ్యమధ్య టీ కప్పు అందించి వెళ్లాను. చివరి పూట మాత్రం వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుండిపోయాను. ఒక మనిషి తన చేతుల్తో చేసిన పనిని తనే ఇంత ఓపిగ్గా, ఇంత పద్ధతిగా అనుమానించడం నేను అంతకుముందు చూడలేదు.

ఇంగ్లండ్‌లో రెడింగ్ అనే ఊళ్లో 1970ల నాటి ఇల్లు మాది. నవంబరు వచ్చేసరికి ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఇల్లు వెచ్చబడాలంటే వంటింటి గోడ మీది తెల్లటి పెట్టె ఒక్కటే దిక్కు. అందులో గ్యాసు మండుతుంది, ఆ వేడికి నీళ్లు కాగుతాయి, ఆ నీళ్లు రాగి గొట్టాల్లో గదిగదికీ వెళ్లి గోడవారనున్న రేడియేటర్లను వేడెక్కించి, చల్లబడి తిరిగొస్తాయి. కుళాయికి వేడినీళ్లిచ్చేదీ అదే. దాని పూర్వీకుడి పేరు మనకు బాగా తెలిసిన గీజర్. లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన 1868లో గ్యాసుతో అప్పటికప్పుడు నీళ్లు కాచే పరికరం చేసి, ఐస్‌లాండ్‌లో వేడినీళ్లు ఎగజిమ్మే బుగ్గ పేరే దానికి పెట్టాడు. ఆ పేరు తిరిగి తిరిగి అమలాపురంలో మా అమ్మ నోటిదాకా వచ్చింది. మాన్ చేసిన గీజర్‌కి పొగ బయటికి పోయే గొట్టం లేదు. స్నానాల గదిలోనే మండి, ఆ గదిలోకే పొగ వదిలేది. తలుపులు బిగించుకున్న స్నానాల గదిలో గ్యాస్ గీజర్ పెట్టుకుని స్పృహ తప్పినవాళ్ల వార్తలు మన పేపర్లలో ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. ఆ గీజర్ నుంచి ఈ తెల్ల పెట్టె దాకా నడిచిన నూట యాభై ఏళ్ల పనితనంలో, మంట వదిలిన గాలి ఎటు పోవాలన్న ఆలోచనకే పెద్ద వాటా అని నాకనిపిస్తుంది.

ఈ దేశంలో గ్యాసు పని ఎవరు పడితే వాళ్లు చేయడానికి లేదు. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లే ముట్టుకోవాలి. వాళ్ల దగ్గర ఫొటో ఉన్న కార్డు ఉంటుంది. మొదటిరోజు పొద్దున మా గుమ్మంలో నిలబడగానే ఆయన కార్డు చూపించి, వెనక్కి తిప్పి, ‘ఇటువైపు కూడా చూడండి’ అన్నారు. ఏయే రకం పనులకు ఆయనకు అర్హత ఉందో అక్కడ వరసగా ఉంది. బాయిలర్లు అందులో ఉన్నాయి. మనిషికి అరవై దగ్గర పడి ఉంటాయి. మాట తక్కువ, నడక నెమ్మది. ఈ పనికి అలాంటి అర్హత కావాలి కాబట్టి ఇది చదివి ఎవరూ పానా చేతపట్టకండి. నేను చెప్పబోయేది చూసిన పని గురించి, చేయాల్సిన పని గురించి కాదు.

చివరి పూట మొదలుపెట్టడమే ఆయన చేతులు జేబుల్లో పెట్టుకుని ఇంటి చుట్టూ తిరిగారు. ముందు బయటి గోడ. బాయిలర్ వెనక నుంచి గోడ చీల్చుకుని బయటికొచ్చిన పొగగొట్టం నిజానికి ఒక దాంట్లో ఒకటి ఇమిడిన రెండు గొట్టాలు. లోపలి దాంట్లోంచి కాలిన గాలి బయటికి పోతుంది, చుట్టూ ఉన్న ఖాళీలోంచి మంటకు కావాల్సిన తాజా గాలి లోపలికి వస్తుంది. మంట ఊపిరి తీసేదీ వదిలేదీ బయటి గాలిలోనే. గది గాలితో దానికి సంబంధం లేదు. మాన్ గీజర్‌కి లేనిది ఇదే. మేస్త్రి టేపు తీసి, ఆ గొట్టం మూతి నుంచి పక్కనున్న కిటికీ రెక్క దాకా కొలిచారు. నిన్న బిగించేటప్పుడు కొలిచారు, ఇవాళ మళ్లీ కొలిచారు. కనీసం 300 మిల్లీమీటర్లు ఉండాలి. లేకపోతే వదిలిన ఊపిరి కిటికీలోంచి తిరిగి ఇంట్లోకే వస్తుంది.

తర్వాత గొట్టం మీద చిన్న రసమట్టం పెట్టారు. మన తాపీ మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు పెట్టేలాంటిదే. అయితే బుడగ సరిగ్గా నడిమధ్యకు రాలేదు. ఆయన తృప్తిగా తలూపారు. నాకు అర్థం కాక అడిగితే చెప్పారు: ఈ కాలపు బాయిలర్ పొగలోని ఆవిరిని కూడా వదలదు. గ్యాసు మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి సుమారు 55 డిగ్రీల కంటే కిందికి చల్లబడితే మంచు బిందువుల్లా నీరవుతుంది. నీరవుతూ తనలో దాచుకున్న వేడిని ఇచ్చేస్తుంది. పాత బాయిలర్లు ఆ వేడిని ఆకాశానికి ధారపోసేవి. ఇది దాన్ని పట్టి ఇంటికే ఇస్తుంది. అలా దిగిన నీరు పొగగొట్టంలో కూడా చేరుతుంది కాబట్టి గొట్టం కాస్త లోపలికి వాలి ఉండాలి. నీరు బాయిలర్‌లోకే తిరిగొచ్చి, కింద దానికంటూ ఉన్న ప్లాస్టిక్ గొట్టంలోంచి మురుగులోకి పోవాలి. ప్లాస్టికే ఎందుకంటే ఆ నీళ్లు కొంచెం పుల్లనివి, ఆమ్ల గుణం ఉన్నవి. రాగిని తినేస్తాయి. 2010 డిసెంబరులో ఇక్కడ చలి విపరీతంగా పడినప్పుడు, ఇంటి బయట సన్నటి గొట్టాల్లో ఈ నీరే గడ్డకట్టి ఎన్నో ఇళ్లలో బాయిలర్లు ఆగిపోయాయి. మా ఇంటి గొట్టం బయట ఉన్న ముక్క జానెడు కూడా లేదు. అయినా దానికి లావు గొట్టమే వేసి, చుట్టూ తొడుగు తొడిగారు.

గ్యాసు పైపు గోడ దాటే చోట ఇంకో వివరం కనబడింది. పైపు నేరుగా ఇటుకల్లోంచి పోలేదు. దానికంటే కొంచెం లావైన మరో గొట్టం గోడలో ఇమిడ్చి, అందులోంచి పైపుని పోనిచ్చారు. ఆ తొడుగు గొట్టానికీ పైపుకీ మధ్య సందుని ఇంటి వైపు మూసేశారు. బయటి వైపు వదిలేశారు. ఎప్పుడైనా గోడ మధ్యలో పైపు కారితే ఆ గ్యాసు ఇంట్లోకి రాకూడదు, బయటికే పోవాలి. గోడలో ఉన్న ఖాళీలో పోగుపడకూడదు. పైన తెల్లటి గుండ్రటి బిళ్ల పెట్టేశాక ఆ ఏర్పాటు ఎవరి కంటికీ కనబడదు. నాకు ఆ రోజు బాగా నచ్చిన పనుల్లో అదొకటి.

పాత పైపు 15 మిల్లీమీటర్లది. ఆయన మీటరు నుంచి 22 మిల్లీమీటర్ల రాగి పైపు కొత్తగా వేశారు. ‘పాతది బాగానే ఉంది కదా’ అని మొదటిరోజు నేనన్నాను, ఖర్చు గుర్తొచ్చి. బాగానే ఉంది, కానీ సన్నంగా ఉంది అన్నారు. దాని సంగతి సాయంత్రం ఒక అంకె తేల్చింది. అక్కడికి వస్తాను.

ఇంటి బయట గోడలో ఉన్న మీటరు పెట్టె తలుపు తీశారు. మీటరు పక్కన పైపు మీద చిన్న ఇత్తడి మొటిమ లాంటిది ఉంది. దానిలో ఒక మర. ఆ మర వదులు చేసి, దాని మీద రబ్బరు గొట్టం తొడిగి, రెండో కొసను ఒక పాత పనిముట్టుకు తగిలించారు. అద్దంలా కనబడే గొట్టం, యూ ఆకారంలో వంగి ఉంది. అందులో సగం దాకా నీళ్లు. పక్కన కొలబద్ద. అంతే. బ్యాటరీ లేదు, తెర లేదు. ఎలక్ట్రానిక్ మీటరు కూడా ఆయన పెట్టెలో ఉంది. ఈ పరీక్షకి మాత్రం నీళ్లే నమ్ముతానన్నారు.

ఇక్కడి ఇళ్లకు గ్యాసు వచ్చే ఒత్తిడి మీటరు దగ్గర సుమారు 21 మిల్లీబార్లు. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో అది నూటికి రెండు పాళ్లు. ఒక మిల్లీబారు అంటే దాదాపు ఒక సెంటీమీటరు నీటి ఎత్తు. అంటే ఆ గ్యాసు బలమంతా కలిపి నీళ్లను ఒక జానెడు లేపగలదు. అంత మెత్తటి ఒత్తిడి కొంచెం తగ్గితే దాన్ని పట్టుకోవడానికి నీళ్ల కంటే నిజాయితీ గల సాక్షి లేదు. మన పంచరు షాపులో ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి బుడగ కోసం చూస్తారే, ఇది దానికి దగ్గరి చుట్టం.

నేననుకున్నది, గ్యాసు వదిలి, కుళాయి కట్టేసి, నీళ్లు కదులుతాయా అని చూస్తారని. ఆయన అంతకంటే ముందు ఇంకో పని చేశారు. కొంచెం గ్యాసు మాత్రమే, 10 మిల్లీబార్ల లోపు ఎక్కించి, మీటరు దగ్గరి కుళాయి కట్టేసి, ఒక నిమిషం చూశారు. నీటిమట్టం పైకి పోతుందేమోనని. కింద పడితే పైపు కారుతున్నట్టు. పైకి పోతే కట్టేసిన కుళాయే సరిగ్గా మూతపడక లోపలికి గ్యాసు వదులుతున్నట్టు. కుళాయి అలా దొంగతనంగా గ్యాసు వదులుతూ ఉంటే, పైపులో కారిన గ్యాసు స్థానాన్ని అది నింపేస్తుంది. నీళ్లు కదలవు, అంతా బాగుందనిపిస్తుంది. కాబట్టి పైపుని పరీక్షించే ముందు, పరీక్షకి వాడే కుళాయిని పరీక్షించాలి. నేను ఆ సాయంత్రమంతా ఈ ఒక్క విషయమే నెమరేసుకున్నాను. కొలిచే ముందు కొలతబద్దని కొలవడం ఎంతమందికి తడుతుంది?

తర్వాత 20 మిల్లీబార్ల దాకా ఎక్కించారు. యూ గొట్టంలో ఒకవైపు నీరు పది సెంటీమీటర్లు దిగింది, రెండోవైపు పది ఎక్కింది. ఒక నిమిషం ఆగారు, లోపలికొచ్చిన గ్యాసు పైపు చల్లదనానికి సర్దుకునేదాకా. ఆ నిమిషం లెక్కలోకి రాదు. ఆ తర్వాత రెండు నిమిషాలు. గడియారం చేతిలో పట్టుకుని, కళ్లు నీటి అంచుకు సమానంగా వచ్చేలా ఆ చలిలో మోకాలి మీద కూర్చుని, కదలకుండా చూశారు.

అమ్మ కిటికీలోంచి చూస్తోంది. మూడు నెలల కోసం వచ్చింది. ‘ఏవే, ఆ మేస్త్రి ఇంతసేపూ ఏం చూస్తున్నాడే ఆ నీళ్లని?’ అంది.

‘కదులుతాయేమోనని చూస్తున్నారమ్మా.’

‘కదిలాయా?’

‘లేదు.’

‘మరి ఇంకా చూస్తాడేం?’

రెండు నిమిషాలూ పూర్తిగా గడవాలి కాబట్టి. నూట పంతొమ్మిదో సెకను దాకా కదలని నీటి మీద కూడా ఆయనకు నమ్మకం లేదు కాబట్టి. కొత్తగా వేసిన పైపుకి ఇంత తగ్గొచ్చు, అంత తగ్గొచ్చు అనే సడలింపు లేదు. నీరు వెంట్రుకవాసి కూడా దిగకూడదు. దిగలేదు. ఆయన కాగితం మీద సమయం, ఒత్తిడి రాసుకున్నారు.

గ్యాసు అంటే అమ్మకు చిన్న విషయం కాదు. 1995 జనవరిలో మా కోనసీమలో పాశర్లపూడి బావి పేలి, 65 రోజులు ఆరకుండా మండింది. ఆ నెలల్లో రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా ఉండటం అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అక్కడ నేలలోంచి తన్నుకొచ్చినదీ, మా వంటింటి పైపులో జానెడు నీళ్లను మోస్తున్నదీ ప్రధానంగా ఒకటే వాయువు, మీథేన్.

ఇంగ్లండ్‌కి గ్యాసు పనిలో ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 1968 మే 16 తెల్లవారుజామున తూర్పు లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల కొత్త భవనంలో, 18వ అంతస్తులో ఒకావిడ టీ పెట్టుకుందామని అగ్గిపుల్ల గీశారు. గ్యాసు పేలింది. గోడ పలకలు పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి పడి భవనం ఒక మూల మొత్తం కూలిపోయింది. నలుగురు చనిపోయారు. అగ్గిపుల్ల గీసిన ఆవిడ బతికింది. ఆ ఇళ్లలోకి జనం కాపురానికి వచ్చి రెండు నెలలే అయింది. విచారణలో తేలిందేమిటంటే, పొయ్యికి గ్యాసు తగిలించిన చోట ప్రమాణానికి తగని ఒక ఇత్తడి నట్టు విరిగింది. ఒక నట్టు. భవనం అంత సులువుగా కూలడంలో కట్టుబడి తప్పు కూడా ఉంది. దాని మీద పుస్తకాలే వచ్చాయి. కానీ గ్యాసు పనివాళ్లకి మిగిలిన పాఠం ఆ నట్టు. 1970లో వాళ్ల పేర్లు నమోదు చేసే సంస్థ పుట్టింది. 2009 ఏప్రిల్ 1న దాని స్థానంలోకి వచ్చిందే, ఆయన కార్డు మీద పేరున్న గ్యాస్ సేఫ్ రిజిస్టర్.

పైపు కారడం లేదని తేలాక దాంట్లోని గాలిని వెళ్లగొట్టాలి. కొత్త పైపు నిండా గాలి, వెనకనుంచి గ్యాసు. రెండూ కలిసే చోట గ్యాసు నూటికి 5 నుంచి 15 పాళ్లు ఉన్నంతసేపూ అది పేలగల మిశ్రమం. అంతకు తక్కువైతే అంటుకోదు, ఎక్కువైనా అంటుకోదు. ఆ దశను తొందరగా, జాగ్రత్తగా దాటించాలి. కిటికీలు తీయించారు. నన్ను ఏ స్విచ్చీ ముట్టుకోవద్దన్నారు. పొయ్యి బర్నరు తిప్పి, గాలి పోయి గ్యాసు నిలకడగా వచ్చేదాకా కనిపెట్టుకుని ఉన్నారు. ఆ కాసేపు ఆయన ముఖంలో ఉన్న పట్టు అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ చూడలేదు.

ఇక నీళ్ల సంగతి. బాయిలర్ కొత్తదే, రేడియేటర్లు మాత్రం పాతవి. వాటిలోంచి మొదట వదిలిన నీళ్లు మా అమ్మ కాటుక కలిపిన నీళ్లనుకుంది. ఇనుము లోలోపల తుప్పుపట్టి, సన్నటి నల్లటి పొడిగా మారి నీళ్లలో తిరుగుతూ ఉంటుంది. దానికి అయస్కాంత గుణం ఉంది. కొత్త బాయిలర్‌లో నీళ్లు వేడెక్కే దారులు చాలా ఇరుకు. ఈ నల్లపొడి వాటిలో చేరితే బాయిలర్ ఆయుష్షు అక్కడితో సరి. అందుకే పాత నీళ్లు వదిలేసి, కడిగే మందు కలిపి తిప్పి, మళ్లీ వదిలి, మళ్లీ నింపి, బయటికొచ్చే నీరు కుళాయి నీరంత తేటగా ఉండేదాకా కడిగారు. ఒక గాజు సీసాలో మా కుళాయి నీళ్లు, పక్కన ఇంకో సీసాలో రేడియేటరు నీళ్లు పట్టి, కిటికీ వెలుతురుకు ఎదురుగా పెట్టి పోల్చి చూశారు. రెండోసారికి తేడా నాకు కనబడలేదు. ఆయనకు కనబడింది. మూడోసారి కడిగారు. ఆ తర్వాతే తుప్పుపట్టనివ్వని మందు పోశారు. తిరిగొచ్చే పైపు మీద, మిగిలిన నల్లపొడిని పట్టుకునే అయస్కాంతం ఉన్న చిన్న పాత్ర ముందే బిగించి ఉంది. ఏ తేదీన ఏ మందు ఎంత పోశారో రాసి, చిన్న కాగితం బాయిలర్ కింద అంటించారు, రేపు ఇంకొకరెవరైనా వస్తే వెతుక్కోకుండా.

నింపేటప్పుడు ఒత్తిడి ముల్లు ఒకటీ ఒకటిన్నర బార్ల మధ్య ఆగాలి. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. చల్లటి నీరు 80 డిగ్రీలకు వస్తే నూటికి సుమారు మూడు పాళ్లు పెరుగుతుంది. మూసిన గొట్టాల్లో ఆ పెరుగుదల ఎక్కడికి పోవాలి? బాయిలర్‌లో ఒక డబ్బా ఉంటుంది, మధ్యలో రబ్బరు పొర, ఒకవైపు నీరు, రెండోవైపు గాలి. నీరు ఉబ్బితే గాలి నలిగి చోటిస్తుంది. ఆ గాలి ఎంతుందో సైకిల్ ట్యూబుకి చూసినట్టు చిన్న గేజి పెట్టి చూశారు. ఫ్యాక్టరీలో సరిగ్గానే నింపి ఉంటారు కదా అంటే, ‘ఫ్యాక్టరీ నుంచి మీ ఇంటికి లారీలో వచ్చింది’ అన్నారు. ఆ డబ్బా కూడా చేతులెత్తేస్తే, 3 బార్ల దగ్గర ఒక వాల్వు తెరుచుకుని నీటిని బయటికి వదిలేస్తుంది. దాని గొట్టం ఇంటి బయట కిందికి దిగి, కొస గోడ వైపు తిరిగి ఉంది. మరిగే నీళ్లు దారినపోయే పిల్లవాడి మీద పడకూడదని. గేటు పక్కన సరిగ్గా అక్కడే మా పక్కింటి పిల్లలు ఆడుకుంటారు.

ఇంతదాకా వచ్చాక కూడా వెలిగించలేదు. ఒక కప్పు నీళ్లు అడిగారు. టీ కోసమనుకున్నాను. బాయిలర్ కింద ఉన్న వంపు గొట్టంలో ఆ నీళ్లు పోశారు. పుల్లనీరు మురుగులోకి దిగే దారిలో ఒక వంపు ఉంటుంది, మన బాత్రూములో వాసన రాకుండా నీళ్లు నిలిచే ట్రాపు లాంటిదే. బాయిలర్ కొన్నాళ్లు మండితే అది తనంతట తనే నిండుతుంది. కానీ మొదటి రోజు అది ఖాళీ. ఖాళీగా ఉంటే కాలిన గాలి ఆ దారిన ఇంట్లోకి జొరబడగలదు. కప్పుడు నీళ్లు దానికి తలుపు. ఇంత ఖరీదైన యంత్రానికి మొదటి రోజు రక్షణ ఒక కప్పు నీళ్లు. అది పోయడం మరిచిపోతే కంటికి తెలిసే తేడా ఏమీ ఉండదు. బాయిలర్ బ్రహ్మాండంగా వెలుగుతుంది. అలాంటి పనుల్లోనే మనిషి తెలుస్తాడని మా నాన్న అనేవారు.

కరెంటు తీగలు మీటరు పెట్టి చూసి, 3 యాంపుల ఫ్యూజు సరిచూసి, అప్పుడు మీట నొక్కారు. ముందు ఫ్యాను తిరిగింది. మంట కంటే ముందు ఆ పెట్టెలో ఏదైనా గ్యాసు మిగిలి ఉంటే ఊడ్చేయడానికి. తర్వాత నిప్పురవ్వల చిటపట. వెలగలేదు. మూడుసార్లు ప్రయత్నించి, ఎర్రదీపం చూపించి ఆగిపోయింది. నాకు గుండె జారింది. ఆయన సంతోషంగానే ఉన్నారు. చివరి మూరెడు పైపులో ఇంకా గాలి ఉంది, అందుకే వెలగలేదు, వెలగనప్పుడు ఆగిపోవాలి, ఆగిపోయింది అన్నారు. మంట ఉందో లేదో ఆ పెట్టెకు తెలిసే తీరు చాలా అందమైనది. మంట విద్యుత్తుని పోనిస్తుంది, అదీ ఒక దిక్కుకే ఎక్కువగా. మంటలో ముంచిన ఒక లోహపు కడ్డీ గుండా ఆంపియరులో పది లక్షలో వంతుల లెక్కన పారే కరెంటుని బాయిలర్ క్షణక్షణం చూసుకుంటూ ఉంటుంది. ఆ సన్నటి ప్రవాహం తెగిందా, గ్యాసు వాల్వు మూతపడుతుంది. మీట మళ్లీ నొక్కారు. ఫ్యాను, చిటపట, ఆపైన మెత్తగా ఊదినట్టు ఒక శబ్దం. చిన్న గాజు కిటికీలోంచి నీలిమంట కనబడింది. అమ్మ అప్రయత్నంగా రెండు చేతులూ జోడించింది.

నాకైతే పని అయిపోయినట్టే. ఆయనకు అసలు పని అప్పుడే మొదలైంది. బాయిలర్‌ని పూర్తి బలంతో మండించి, మీటరు దగ్గరా బాయిలర్ దగ్గరా ఒత్తిడి చూశారు. గ్యాసు పారుతున్నప్పుడు పైపు పొడవునా ఒత్తిడి కొంత పడిపోతుంది. ఆ పడేది ఒక మిల్లీబారు దాటకూడదు. మా ఇంట్లో మీటరు దగ్గర 20.6, బాయిలర్ దగ్గర 20.1. అర సెంటీమీటరు నీరు. పాత సన్నపైపే ఉంచితే ఆ పరీక్ష తప్పేదన్నారు. నేను ఖర్చు గురించి అన్నమాట ఇద్దరికీ గుర్తొచ్చింది. ఆయన దాన్ని ఎత్తలేదు. ఆ తర్వాత పొయ్యి ఆపించి, రెండు నిమిషాల్లో మీటరు ఎంత తిరిగిందో చూశారు. ఈ బాయిలర్ గంటకు సుమారు రెండున్నర ఘనమీటర్ల గ్యాసు తాగాలి, అంటే రెండు నిమిషాల్లో 83 లీటర్లు. లెక్క దగ్గరగా వచ్చింది. ఎక్కువ తాగినా ప్రమాదమే, తక్కువ తాగినా దోషమే.

చివరగా పొగ. దీనికి వాడిన పరికరాన్ని ఆయన ముందు తోటలోకి పట్టుకెళ్లి, బయటి గాలిలో సున్నాకి తెచ్చుకున్నారు. ఇంట్లోనే తెచ్చుకుంటే, ఇంటి గాలిలో ఏదైనా తేడా ఉన్నా అదే సున్నా అనుకుంటుంది. కొలబద్దని కొలవడం మళ్లీ. ముందు లోపలికొచ్చే గాలి దారిలో దాని సన్నటి గొట్టం పెట్టారు. అక్కడ ఆక్సిజన్ 20.6 శాతానికి తగ్గకూడదు. తగ్గిందంటే లోపలి గొట్టం కీలు ఎక్కడో వదులై, వదిలిన పొగ పీల్చే గాలిలో కలుస్తున్నట్టు. సరిగ్గా ఉంది. ఆ తర్వాత పొగలో పెట్టారు. కార్బన్ డయాక్సైడ్ 9.2 శాతం. కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల పాళ్లలో 90. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 0.001. ఆ భాగఫలం 0.004 దాటకూడదు. సన్నమంట మీద ఇంకా తక్కువొచ్చింది.

విడిగా మోనాక్సైడ్ అంకె ఒక్కటే చూస్తే ఏమవుతుందని అడిగాను. పొగలో ఎక్కువ గాలి కలిస్తే ఏ అంకైనా పలచబడి చిన్నదవుతుంది, మజ్జిగలో నీళ్లు పోసినట్టు. నిష్పత్తి పలచబడదు. మంట ఎంత శుభ్రంగా మండుతోందో అది దాచలేదు. మీథేన్‌కి చాలినంత గాలి దొరికితే డయాక్సైడ్, నీటి ఆవిరి పుడతాయి. ఒక పాలు గ్యాసుకి దాదాపు పది పాళ్ల గాలి కావాలి. చాలకపోతే మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాసుకైతే మనకు తెలియాలని కావాలనే వాసన కలుపుతారు. దీనికి కలిపేవారెవరు? రక్తంలో ఆక్సిజన్ కూర్చునే చోటును అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, నిద్రమత్తు. జలుబు చేసిందనుకుని పడుకున్నవాళ్లు లేవరు. ఆయన వంటింట్లో మోనాక్సైడ్ అలారం పెట్టి, మీట నొక్కి మోత వినిపించి, అది మోగితే ఏం చేయాలో అమ్మకు నాచేత తెలుగులో చెప్పించారు. కిటికీలు తీయాలి, బయటికి రావాలి, ఆ తర్వాతే ఫోను. మీటరు దగ్గరి కుళాయిని ఎటు తిప్పితే గ్యాసు ఆగుతుందో చూపించి, అమ్మతో స్వయంగా తిప్పించారు. పగలంతా ఇంట్లో ఉండేది ఆవిడే కదా అన్నారు. నాకు ఆ ఆలోచన రాలేదు.

రేడియేటర్ల సర్దుబాటు గురించి కొంచెమే చెబుతాను. నీరు బద్ధకంగా దగ్గరి దారి వెతుక్కుంటుంది. వదిలేస్తే వంటింటి పక్కది కాలిపోతుంది, మేడ మీద చివరిది చల్లగానే ఉంటుంది. దగ్గరి దాని వాల్వు పావు మలుపు, దూరపు దానిది పూర్తిగా తెరిచి, రెండు కొసల మధ్య వేడి తేడా ఇరవై డిగ్రీల దగ్గరికి వచ్చేదాకా మెట్లెక్కి దిగుతూ తిరిగారు. అరవై దగ్గరపడిన మోకాళ్లు. పదకొండుసార్లు ఎక్కారు, లెక్కపెట్టాను.

చీకటి పడింది. చెకింగు కాగితాల్లో ప్రతి గడీ నిండింది, సంతకం అయింది. పొగగొట్టం మూతి నుంచి తెల్లటి ఆవిరి వీధి దీపం వెలుగులో నెమ్మదిగా లేస్తోంది. సామాను వ్యానులో పెట్టేశారనుకున్నాక, ఆయన ఒక చిన్న స్క్రూడ్రైవరూ సబ్బు నురగ సీసా పట్టుకుని మళ్లీ మీటరు పెట్టె దగ్గరికి నడిచారు. అంతకుముందు తను వదులు చేసిన ఇత్తడి మర. ఒత్తిడి కొలవడం కోసం తనే తెరిచిన రంధ్రం. అప్పటికే బిగించి ఉన్న దాన్ని ఇంకోసారి బిగించి చూసి, దాని మీద నురగ పోసి, నోట్లో టార్చిలైటు కరుచుకుని, మోకాలి మీద కూర్చున్నారు. ఒక నిమిషం. బుడగ లేవలేదు. నురగ తుడిచి, పెట్టె తలుపు వేశారు.